కాశీనాథం సేటు లోపలి ఫోన్

మా కాశీనాథం సేటు ఆఫీసుకు తాళం వేశాక నాతో లాగించి చూసేవాడు. నేను లాగాక నా చేతుల వంక చూసేవాడు. సిద్దిపేటలో ఆయనది మక్కల వ్యాపారం, అంటే మొక్కజొన్నలు; నేను ఆయన దగ్గర లెక్కలు రాసేవాణ్ణి. అంత అనుమానంతో మనిషికి రాత్రి నిద్రెట్లా పట్టేదో నాకిప్పటికీ తెలియదు.

తొంభై ఎనిమిదిలో ఆఫీసును సిద్ధయ్య చాయ్ హోటల్ పైనున్న మేడకు మార్చాం. అంతకుముందు అక్కడ కంప్యూటర్లు నేర్పేవారట. మిషన్లు పట్టుకుపోయారు గానీ గోడల్లోని తీగలూ, వాటి సాకెట్లూ అట్లాగే వదిలేశారు. ముందు గదిలో ఫోన్ దగ్గర రబియాబీ కూర్చునేది. భర్త అజ్మత్ లారీ మీది నుంచి పడి మంచం పట్టాక ఆమె జీతంతోనే ఇల్లు గడిచేది.

హైదరాబాద్ కోళ్ల దాణా కంపెనీ ఫోన్ చేస్తే సేటు వచ్చి ఆమె పక్కనే నిలబడి, రేపు ఏ ఊళ్లో మక్కలు కొనేదీ చెప్పేవాడు. తెల్లారి మా లారీ చిన్నకోడూరు చేరేసరికి ఎదురింటి వ్యాపారి రామచందర్ అప్పటికే మక్కలు కొని ఎత్తేసి ఉండేవాడు. ఇది రబియాబీ పనేనని సేటు తీర్మానించుకున్నాడు.

ఫోన్‌ను తన లోపలి గదికి మార్చాలన్నాడు. గోడ మీదుగా కొత్త తీగ లాగితే మధ్యలో ఎవరైనా ఇంకో ఫోన్ తగిలిస్తారని భయం. ఫోన్ పనులు చేసే పర్శరాములు చూసి, గోడలో ఉన్న కంప్యూటర్ తీగే సరిపోతుందన్నాడు. ముందు గదిలో ఆ తీగ కొస విప్పితే ఎనిమిది రంగురంగుల పోగులు బయటపడ్డాయి. నీలం జతకు ఫోన్ లైను కలిపాడు. లోపలి సాకెట్లో ఫోన్ పిన్ను గుచ్చితే రంధ్రం కన్నా కాస్త చిన్నదైనా నడిమధ్యన కూర్చుంది, టోన్ వచ్చింది.

"మరి తక్కిన ఆరు ఏం జేస్తయ్?" అన్నాడు సేటు.

"ఏం జెయ్యయ్ సేటూ, ఊకనే ఉంటయ్."

ఊరికే ఉండేవాటి మీదే ఆయనకు ఎక్కువ అనుమానం. ఆ ఆరింటినీ కత్తిరించి టేపు చుట్టించాడు. తర్వాత రబియాబీని పిలిచి, నెలాఖరు నుంచి రానక్కర్లేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె అట్లాంటిది కాదని చెప్పబోతే నన్నూ అదే చూపు చూశాడు.

మరుసటి ఫోన్ తలుపు గడియ పెట్టుకుని మాట్లాడాడు. మర్నాడు దౌల్తాబాద్ వెళ్తే అక్కడా రామచందర్ మనుషులే కాంటా వేస్తున్నారు. సేటు మండిపడుతూ వచ్చి, గోడ పగలగొట్టి తీగ చూడమని పర్శరాములుకు కబురు పెట్టాడు. అప్పుడు లేచింది రబియాబీ.

"గోడ జోలికి పోకున్రి సేట్. మీరు మాట్లాడితే కింద చాయ్ తాగెటోళ్లందరికీ ఇనవడ్తది. రామచందర్ సేట్ మనిషి గాడనే కూసుంటడు."

సేటు నమ్మలేదు. నన్ను ఫోన్ దగ్గర మాట్లాడుతూ ఉండమని తను హోటల్లోకి దిగాడు. నా గొంతు వినబడలేదట. ఆమెది పచ్చి అబద్ధమని తేల్చాడు. సేటేమో అరిస్తే గానీ వినబడని ట్రంకు కాల్స్ రోజుల్లో ఫోన్ నేర్చిన మనిషి, రిసీవర్ పట్టాడంటే హైదరాబాద్‌ను నేరుగా పిలుస్తున్నట్టే ఉండేది. ఆ సంగతి ఆయనకెవరు చెప్పాలి?

అంతలో ఫోన్ మోగింది. రేపు నారాయణరావుపేటలో ఎత్తుతామని సేటు ఇంకా పూర్తిగా చెప్పనేలేదు, కింద నుంచి సిద్ధయ్య గొంతు లేచింది.

"సేటూ, నారాయణరావుపేట పోతే మా బామ్మర్ది మక్కలు గూడ జర చూడున్రి."

సేటు ముఖం చూసి నాకు జాలేసింది. కిటికీ మూసి గుసగుసగా ధర చెప్పబోయాడు. అవతలివాళ్లకు వినబడలేదు, హలో హలో అంటున్నారు. మెల్లగా, తెలిసేలా మాట్లాడటం ఆయనకు చేతకాదు. చివరికి రిసీవర్‌ను రబియాబీ చేతికిచ్చి, ధర మెల్లగా ఆమెకు చెప్పాడు.

ఆమె రిసీవర్‌ను అరచేత్తో మూసి అడిగింది: "నెలాఖరు తర్వాత నేను రావాల్నా, వద్దా సేట్?"

సేటు నా వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. అవతల హలో హలో ఆగలేదు.

"రా," అన్నాడు.

అప్పుడు చెయ్యి తీసి ధర చెప్పింది. పక్కనే నిలబడ్డ నాకు కూడా వినబడలేదు.