అద్భుతంగారి స్పందన

మా బావ అసలు పేరు చెప్పి అడిగితే ఆయన ఇంటికి దారి చూపించే నాథుడు లేడు. "అద్భుతంగారిల్లు" అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మంలో దింపుతారు. ఆ బిరుదు ఎవరూ శాలువా కప్పి ఇచ్చింది కాదు. నోరు తెరిస్తే అదే మాట వస్తుంది గనక దానంతటదే వచ్చి అతుక్కుంది.

బావ పని కట్టుడు పళ్ళు చేయడం. ఇంట్లో ముందుగదే ఆయన పనిగది. కిటికీ కింద పొడుగాటి బల్ల, దానిమీద మెడ వంచుకున్న దీపం, మైనం ముద్దలు, చిన్న చిన్న ఆకురాళ్ళు. గోడ అలమరలో నోళ్ళు తెరుచుకుని కూర్చున్న దవడల అచ్చులు. పళ్ళ దగ్గర ఆయనంత కచ్చితమైన మనిషిని నేను చూడలేదు. పళ్ళ మధ్య రంగు కాగితం పెట్టి కొరికిస్తాడు. ఎక్కడ రంగు అంటితే అక్కడ ఎత్తుగా ఉన్నట్టు. అరగదీస్తాడు, మళ్ళీ కొరికిస్తాడు. వచ్చిన మనిషి విసిగిపోయి, "బాగానే ఉన్నాయండీ, ఇంక వదిలేయండి" అని బతిమాలినా వినడు. "మీకు బాగున్నాయేమో, నాకు బాలేదు" అని నోట్లోంచి లాక్కుంటాడు.

ఇంత నిక్కచ్చి మనిషి, సాయంత్రం చేతులు కడుక్కుని నాటికల హాలుకి రాగానే ఏమవుతుందో ఏమో, ఆ నిక్కచ్చితనాన్ని చెప్పులతోబాటు మెట్ల దగ్గరే విడిచి వస్తాడు.

మా హాలు గ్రంథాలయం పైఅంతస్తులో ఉంది. నడిస్తే కిర్రుమనే చెక్కల స్టేజి, ఇనప కుర్చీలు. నెలకో కొత్త నాటిక వేస్తాం. పాతవాళ్ళవి వెయ్యం. రాసినవాడు బతికుండి తీరాలని మా నాటికల సంఘం నియమం. చూసినవాళ్ళు బతికుండాలని ఎక్కడా లేదు. పగలు ఎలక్ట్రీషియన్‌ని, సాయంత్రాలు అక్కడ లైట్లు వేసేది నేనే గనక, ఒక్కటి కూడా తప్పించుకోలేను.

వకీలుగారి నాటికల్లో స్టేజి మధ్యలో ఒక కుర్చీ ఉంటుంది. అందులో ఎవరూ కూర్చోరు. కుర్చీ అంటే వ్యవస్థట. బ్యాంకు మేనేజరుగారి నాటికల్లో ఫోను మోగుతూ ఉంటుంది. ఎవరూ ఎత్తరు. ఫోను అంటే అంతరాత్మట. ఒకసారి ఇద్దరూ కలిసి ఒకటి రాశారు. కుర్చీలో ఫోను పెట్టారు. ఆ రోజు నేను దీపాలార్పేసి ఇంటికి పోదామా అనుకున్నాను.

నాటిక అయ్యాక దాని మీద "స్పందన" చెప్పడం మా బావ వంతు. మొదటి వరసలోంచి లేస్తాడు, చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటాడు, మైకు అందుకుంటాడు. "అద్భుతం! ఈ నాటిక ఇక్కడ ముగియలేదు, మన గుండెల్లో మొదలైంది. ఈ రచయితకి జీవితం తెలుసు. అంతేగా!" అంటాడు. కుర్చీకీ అదే, ఫోనుకీ అదే. ఒకసారి హీరో వేషగాడు మాటలు మర్చిపోయి గుడ్లప్పగించి నిలబడిపోయాడు. "ఆ మౌనం ఉంది చూశారూ, అదండీ నాటికంటే!" అన్నాడు బావ. ఆ నాటినుంచి ఆ హీరో మాటలు కంఠతా పట్టడం మానేశాడు.

మళ్ళీ ఇందులో ఒక నియమం. వకీలుగారి కంటే మేనేజరుగారిని ఒక విశేషణం ఎక్కువ పొగిడాడని ఎప్పుడో పెద్ద రభస జరిగింది. అప్పుడు బావే ఒక ఉపాయం చెప్పాడు. స్పందన పూర్తయ్యేదాకా రచయిత పేరు బయటపెట్టకూడదు. ఇక పక్షపాతమన్న మాటే రాదు. సంఘం అధ్యక్షుడైన లైబ్రేరియన్‌గారు ఒక్కరికే పేరు తెలుస్తుంది. కుర్చీ కనిపిస్తే వకీలు, ఫోను మోగితే మేనేజరు అని హాలంతటికీ తెలుసనుకోండి, అది వేరే సంగతి.

ఇక మా అక్క. బస్టాండులో ఏ బస్సు ఎక్కడినుంచి బయల్దేరుతుందో మైకులో చెప్పే ఉద్యోగం. ఊరందరికీ ఆవిడ గొంతు తెలుసు. ఆవిడ మనసులో ఏముందో పక్కనున్న మొగుడికి తెలీదు. ఒళ్ళో సంచీ పెట్టుకుని, మూడో వరసలో కూర్చుని, ఇన్నేళ్ళూ ప్రతి నాటికా నోరెత్తకుండా చూసింది.

ఒక సాయంత్రం నేను నిచ్చెనెక్కి లైట్లు బిగిస్తుంటే అక్క వచ్చి కింద నిలబడింది. సంచీలోంచి కాగితాలు తీసి పైకి అందించింది.

"నేనే రాశాను. లైబ్రేరియన్‌గారికివ్వు. మీ బావకి చెప్పావంటే నిచ్చెన లాగేస్తా."

నిచ్చెన మీదే చదివాను. బస్సులో మర్చిపోయిన వస్తువులు దాచే గది. ఒక మొగుడూ పెళ్ళాం పోయిన సంచీ కోసం వస్తారు. సంచీ ఆవిడది. లోపల ఏమున్నాయో చెబితేనే ఇస్తానంటాడు గుమస్తా. ఆవిడ నోరు తెరిచేలోగా మొగుడు అందుకుని జాబితా చదివేస్తాడు. ఒక్కటీ సరిపోదు. మళ్ళీ చెబుతాడు, మళ్ళీ తప్పు. చివరికి గుమస్తా ఆవిణ్ణి అడుగుతాడు. ఆవిడ సంచీ వంక చూసి, "ఇది మాది కాదండీ" అని వెళ్ళిపోతుంది. అంతే. కుర్చీ లేదు, ఫోను లేదు. దిగడం మర్చిపోయి మొదటినుంచి మళ్ళీ చదివాను. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

"బావ అద్భుతం అంటాడులే అక్కా" అన్నాను, ఏమనాలో తెలీక.

అక్క మొహం మాడిపోయింది. "అదేరా నా భయం. ఆ హీరోగాడి నోరు పడిపోతేనే అద్భుతమన్న మనిషి. ఆయన పళ్ళు చూసినట్టు చూడాలిరా నాటికని. బాలేదంటే బాలేదనాలి, ఎక్కడ బాలేదో చూపించాలి. చెత్త అన్నా సంతోషమే. అద్భుతం అన్నారో, ఇంక జన్మలో కలం పట్టను."

అనడమే కాదు, చేస్తుంది కూడా. మాట అంటే మాటే మా అక్కకి.

ఆ నెల ఆ నాటికే వేశారు. పై మూలలో లైట్ల దగ్గర కూర్చుంటే బావ బట్టతల నాకు బాగా కనిపిస్తుంది. మొగుడు వేషగాడు చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నాడు. మాటకి ముందొకసారి, వెనకొకసారి "అంతేగా" అన్నాడు. హాల్లో ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వెనక వరసల్లో నోటికి గుడ్డలడ్డం పెట్టుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వుతున్నది ఎవరనుకున్నారు? మా బావే. "ఉంటారండీ ఇలాంటి మొగుళ్ళు!" అని పక్కనున్న వకీలుగారి తొడ మీద చరిచాడు కూడా.

దీపాలు వేశాను. బావ లేచాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. హాలు కిసుక్కుమంది. నేను అక్క వైపు చూశాను. సంచీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"అద్భుతం!" అన్నాడు బావ. "ఈ నాటిక ఇక్కడ ముగియలేదు, మన గుండెల్లో మొదలైంది. ఈ రచయితకి జీవితం తెలుసు. అంతేగా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన నెత్తి మీద లైటొకటి వదిలేద్దామన్నంత కోపం వచ్చింది. అక్క సంచీ భుజానికి తగిలించుకుని లేచింది.

అప్పుడే లైబ్రేరియన్‌గారు, "రచయిత మరెవరో కాదు, మన అద్భుతంగారి శ్రీమతి!" అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. బావ ఇంకా మైకు పట్టుకునే ఉన్నాడు.

"మా ఆవిడా?" అన్నాడు. ఆ మాట మైకులో ఊరంతా వినిపించింది. అక్కను చూశాడు, స్టేజిని చూశాడు, మైకు మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "అంటే... కొన్ని లోపాలున్నాయి."

ఊరందరికీ అద్భుతాలు పంచిపెట్టిన మనిషికి సొంత పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి లోపాలు కనిపించాయి! అక్క వెళ్ళబోతున్నదల్లా ఆగింది.

"ఏమిటవి?" అంది. మైకు లేకుండానే ఆవిడ గొంతు హాలంతా వినబడుతుంది.

"ఆ గుమస్తా మొదట్లో అంతసేపు పుస్తకం తిరగెయ్యక్కర్లేదు. మనం అప్పటికే విసుగెత్తిపోతాం."

"ఇంకా?"

"ఆవిడ సంచీ వంక చూశాక మాట్లాడ్డానికి తొందరపడింది. ఇంకాస్త ఆగాలి."

"ఇంకా?"

"ఇంకా... ఆ మొగుడు మరీ అన్యాయం. లోకంలో ఏ మొగుడూ అలా ఉండడు, అంతేగా!"

హాలు పగలబడి నవ్వింది. బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచు పట్టుకున్నాడు, పట్టుకున్నవాడు అలాగే ఆగిపోయాడు. తన చేతిని తను చూసుకున్నాడు. మైకు లైబ్రేరియన్‌గారి చేతిలో పెట్టి, మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే, కొంప ఉందో కూలిందో చూద్దామని వెళ్ళాను. బావ బల్ల ముందు కూర్చుని ఒక పన్ను అరగదీస్తున్నాడు. పాపం, దాన్ని ఈపాటికి సగం చేసుంటాడు. అక్క డ్యూటీకి తయారై, సంచీతో గుమ్మంలో ఉంది.

"సంచీలో ఏముందో చివరిదాకా చెప్పలేదు నువ్వు" అన్నాడు బావ, తలెత్తకుండా.

"చెప్పను."

"చూసేవాళ్ళకి తెలియాలా వద్దా?"

"మొగుడికి తెలిస్తేగా, చూసేవాళ్ళకి తెలిసేది!"

బావ ఆకురాయి పక్కన పెట్టాడు. అక్క భుజానున్న సంచీ వంక చాలాసేపు చూశాడు.

"గొడుగు, టిఫిన్ డబ్బా, నీ కళ్ళజోడు" అన్నాడు. పరీక్షలో పిల్లాడిలా గొంతు తగ్గింది.

"గొడుగు పోయి చాలా కాలమైంది. డబ్బా బస్టాండులోనే ఉంటుంది. కళ్ళజోడు నా నెత్తి మీదుంది, చూడండి."

చూశాడు. నిజంగానే నెత్తి మీదుంది. అక్క సంచీ తెరిచి లోపలున్న కాగితాలు తీసి, బల్ల మీద దవడల మధ్య పెట్టింది.

"ఇంకోటి మొదలెట్టాను. చదివి చెప్పండి. అద్భుతం అన్నారంటే ఈ బల్ల వీధిలో ఉంటుంది."

బావ దీపం మెడ వంచి కాగితాల మీదికి లాక్కున్నాడు. పళ్ళ అంచులు చూసేటప్పుడు పెట్టుకునే లావుపాటి అద్దం కంటికి తగిలించుకున్నాడు. చదివాడు. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. అక్క బల్ల మీదికి వంగింది. నేనూ వంగాను.

"మొదటి పేజీ బాలేదు" అన్నాడు.

అక్క సంచీ కింద పెట్టి, నోరు తెరిచి పళ్ళు చూపించేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుంది. "ఎక్కడ బాలేదో చూపించండి" అంది. ఆవిడ మొహం అంత వెలిగిపోవడం పెళ్ళినాడు కూడా చూసినట్టు గుర్తులేదు నాకు.

"ఈ అమ్మాయి వచ్చీ రాగానే కష్టాలన్నీ ఏకరువు పెడుతుంది. ఎవరోయ్ అలా మాట్లాడేది?"

"నిజంగా కష్టాలున్నవాళ్ళు."

"నిజంగా ఉన్నవాళ్ళు అసలు చెప్పరు."

"మీరు అడగరు గనక చెప్పరు."

ఇద్దరూ గొంతులు పెంచి వాదులాడుకున్నారు. ఆ పొద్దున మా ఊళ్ళో బస్సులు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాయి.

తరవాతి నెల వకీలుగారి నాటిక. ఈసారి కుర్చీని తలకిందులుగా పెట్టారు. దీపాలు వేయగానే బావ లేచి మైకు అందుకుని, "అద్భుతం!" అన్నాడు. వకీలుగారు పొంగిపోయి రెండు చేతులూ జోడించారు.

మూడో వరసలో అక్క వకీలుగారి వంక జాలిగా చూసి, "పాపం" అంది.