ఉడికించిన తొడుగు

కరోనా తగ్గిన మరుసటి ఏడు నన్ను ప్రసూతి వార్డు నుంచి పళ్ల విభాగానికి మార్చారు. కర్నూలు జిల్లాలో ఒక సర్కారు ఆస్పత్రి అది. నేను నాలుగో తరగతి ఉద్యోగిని, చదివింది ఐదు. చీటీలు వరుసలో పెట్టడం, పనిముట్లు ఆవిరిలో ఉడికించడం, డాక్టరమ్మ చెప్పింది రోగికి మన మాటల్లో మళ్లీ చెప్పడం నా పని.

కోయిలకుంట్ల పక్క పల్లె నుంచి సుంకమ్మ వచ్చింది. నిద్రలో పళ్లు కొరుకుతుంది. ఇంట్లోవాళ్లు కడుపులో పురుగులనుకుని రెండేళ్లు మందు తాగించారు. ఈలోగా దవడ పళ్లు అరిగి చదునైపోయాయి. డాక్టరమ్మ మెత్తటి ముద్దతో పళ్ల అచ్చు తీసి, రాత్రి పూట పై పళ్లకు పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగు చేయించింది. తొడుగు కొరకడాన్ని మాన్పించదు. ఆ రాపిడికి పంటి బదులు తాను అరిగి, పంటిని కాపాడుతుంది. అది చేతికిస్తూ, రోజూ బాగా కడుక్కోమని చెప్పి పంపాను.

నెలకు అత్త నాగమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. దవడ నొప్పితో నోరు సరిగా తెరవలేకపోతోంది.

“పన్ను పీకే వరుసలో నా చీటీ పెట్టక్కా. రొట్టె నమల్లేకపోతాండా,” అంది.

పుచ్చు లేని పన్ను. పీకితే మళ్లీ రాదు. ఆమెకు ముప్ఫై నిండలేదు. చీటీ చేతిలోనే పెట్టుకుని, తొడుగు ఏదని అడిగాను. నాగమ్మ సంచిలోంచి డబ్బా తీసింది. తొడుగు ఎండుమిరపకాయలా వంకర తిరిగి ఉంది. సుంకమ్మ దాన్నే రోజూ రాత్రి పళ్లకు అదిమి పెట్టుకుంటోంది; దవడ నొప్పి అందుకే.

“ఎంగిలిది గదమ్మా. ఇంట్లో అట్లే పెడ్తామా? దినామూ మరిగే నీళ్లలో వేసి తీస్తాండా,” అంది నాగమ్మ.

వేడికి వంగిపోతుందంటే ఆమె ఊరుకోలేదు. “మీ పట్టకార్లు మీరు ఉడికిస్తే శుభ్రం, మేం ఉడికిస్తే తప్పా? ముందే చెప్పకపోతివి.”

నిజమే. చన్నీళ్లని చెప్పవలసింది నేను. ఆ మాటే డాక్టరమ్మతో అన్నాను. ఆమె చీటీ పక్కన పెట్టి, మళ్లీ అచ్చు తీసింది.

కొత్త తొడుగు వచ్చిన రోజు నాగమ్మనే లోపలికి పిలిచి, మెత్తటి బ్రష్షుతో చన్నీళ్లలో ఆమె చేతనే కడిగించాను. “కోడలి చాకిరీ చాలదని దీని చాకిరీ గూడా నాకేనా,” అని సణుగుతూనే కడిగింది. రెండు నెలలకు చూపించుకోవడానికి వచ్చినప్పుడు సుంకమ్మ రొట్టె తింటున్నానని చెప్పింది. పన్ను దక్కింది.

రిటైరయ్యేదాకా ఏ తొడుగూ రోగి ఒక్కరి చేతికే ఇచ్చి పంపలేదు. వాడేది ఒకరు, కడిగేది ఇంకొకరు అయిన ఇళ్లే ఎక్కువ. కడిగేవాళ్లకు చెప్పకపోతే వైద్యం సగమే.