హల్లెలూయ ఆంటీ మైకు

ఇరవై ఏళ్లప్పుడు మగవాడికి కొత్తగా రెండు మొలుస్తాయి, గడ్డమూ నిజాయితీ. ఆ రోజుల్లో నాకు గడ్డం సరిగ్గా రాలేదు కాబట్టి ఆ కొరతను నిజాయితీతో తీర్చుకోవాలనుకున్నాను. ఎల్బీనగర్‌లో టైర్ల షాపు పైన, రెండో అంతస్తులో మా చర్చి. అక్కడ సౌండు మిక్సరు దగ్గర కూర్చునేవాణ్ణి. (కూర్చోబెట్టింది మా అమ్మ. బల్ల మీద కూర్చుంటే నిద్రపోతున్నానని.) ప్రసంగం, కీబోర్డు, తబలా, పాట అన్నీ నా వేళ్ల కిందే. దేవుడి తర్వాత ఆ హాల్లో అంత అధికారం నాదేనని నా నమ్మకం.

ఆ అధికారానికి ఒకే ఒక్క సవాలు హల్లెలూయ ఆంటీ. కొత్తపేట రైతుబజారులో ఆకుకూరలు అమ్మేది. ప్రతి ఆదివారం ఒక పాట ఆమెది, క్రిస్మస్ రోజు మొదటి పాటా ఆమెదే. ఆమె గొంతెత్తితే కింద టైర్ల షాపతను షట్టరు సగం దించేవాడు. పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నట్టే ఉండి, చూపుడువేలు మెల్లగా నేలవైపు తిప్పేవారు. అది నాకు సైగ. నేను ఆమె మైకు తగ్గించేవాణ్ణి. ఆమె ఇంకా గట్టిగా పాడేది, నేను ఇంకా తగ్గించేవాణ్ణి. రెండేళ్లకు మిక్సరు మీద ఆమె మైకు మీట సున్నా దగ్గరికి చేరింది. పాట అయ్యాక అందరూ "చాలా బాగా పాడారమ్మా" అనేవారు. ఆమె నా దగ్గరికొచ్చి, "అందరు మంచిగున్నదంటున్నరు బిడ్డా, అంత నీ మిషిను మహిమ" అని ఒక కొత్తిమీర కట్ట చేతిలో పెట్టేది. రెండేళ్లు మా ఇంట్లో చట్నీ దాని మీదే నడిచింది.

ఒక ఆదివారం పాస్టరుగారు నిజాయితీ గురించి ప్రసంగించారు. ఆయనది గోదావరి వైపు. "ఎవర్ని మోసం చేశామో వాళ్లతోనే చెప్పేసుకోవాలండీ. రేపు కాదు, ఇవాళే" అన్నారు. తర్వాత సాక్ష్యాలు. మామూలుగా జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు లేచి దేవుడికి కృతజ్ఞత చెప్పే సమయమది. ఆ రోజు నేను లేచాను. మిక్సరు నాదే కాబట్టి నా మైకు ఫుల్లుగా పెట్టుకున్నాను. "ఆంటీ, రెండేళ్లుగా మీ మైకు తగ్గిస్తున్నాను. ఇప్పుడు సున్నాలో ఉంది. క్షమించండి." అక్కడితో ఆగొచ్చు. (కొత్త నిజాయితీకి బ్రేకులుండవు.) "పాస్టరుగారు వేలు చూపిస్తేనే తగ్గించాను" అని కూడా అన్నాను.

తబలా అన్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. పాస్టరుగారు ఆ వేలిని ఎక్కడ పెట్టాలో తోచక జేబులో పెట్టుకున్నారు. మా అమ్మ, నేనెవరో తెలియనట్టు, "ఎవరి పిల్లగాడమ్మా?" అన్న మొహంతో పక్కామెను చూసింది. ఆంటీ లేచి, "రెండేండ్లా?" అని ఒక్కమాట అని, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. ఆ ఒక్కమాటా చాలా మెల్లగా అంది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

రెండు ఆదివారాలు ఆమె రాలేదు. ఇక మైకు ముట్టనని ఎవరితోనో అందట. క్రిస్మస్ పది రోజుల్లోకి వచ్చేసింది. పాస్టరుగారు నన్ను పిలిచి, "నిజం చెప్పావు, బానే ఉంది నాయనా. మరి ప్రేమ సంగతేంటి?" అన్నారు. మీ వేలి సంగతేంటండీ అని అడగబోయి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను. ఇద్దరం నా బండి మీద రైతుబజారుకు బయల్దేరాం.

అక్కడ అందరూ గొంతులు చించుకుంటుంటే, ఆంటీ మాత్రం గోనెపట్టా మీద కూర్చుని, "పాలకూర తీస్కో అమ్మా, లేతగున్నది" అని చెవిలో చెప్పినట్టు అంటోంది. నాకు మతిపోయింది.

"ఈడ గింత మెల్లగ మాట్లాడ్తరు, చర్చిల గట్లెందుకు మొత్తుకుంటరు ఆంటీ?"

పాస్టరుగారు నా కాలు తొక్కారు. ఆలస్యంగా.

"ఈడ నా గొంతు నాకు ఇనవడ్తది. ఆడ ముంగటి స్పీకర్ల అందరి సప్పుడొస్తది, నాదే రాదు. దేవునికన్న ఇనవడ్తుందో లేదోనని జర గట్టిగ పాడేదాన్ని. వారం వారం ఇంకింత తగ్గేది, ఇంకింత మొత్తుకునేదాన్ని."

ఆమె ముందున్న స్పీకరుకూ ఆ మీటే. రెండేళ్లు మేమంతా ఓర్చుకున్న ఆ కేకల్ని తయారు చేసింది నా వేలు. (సగం పాస్టరుగారి వేలు.)

పాస్టరుగారు తోటకూర కట్టల ముందు చేతులు జోడించారు. "నేను చెప్పాల్సిన సాక్ష్యం వీడితో చెప్పించానమ్మా. తప్పు నాది."

"పాట నచ్చకుంటే నాకు గుస్స లేదు అయ్యగారూ. ఇంతమందిల ఒక్కరన్న నాతోని చెప్పొద్దా?" అంది ఆమె.

క్రిస్మస్ రోజు ఆమె వచ్చింది. మైకు నిండుగా పెట్టాను. మెల్లగా పాడింది. శ్రుతి అక్కడక్కడా తప్పింది. (దానికి నా దగ్గర మీట లేదు.) పాట అవగానే తిన్నగా మిక్సరు దగ్గరికొచ్చి, "ఎట్లున్నది? నిజం చెప్పు" అంది. పాస్టరుగారి చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది.

"రెండు చోట్ల శ్రుతి పోయింది ఆంటీ. కానీ పాటలో మాటలన్నీ ఇవాళే మొదటిసారి అర్థమైనయ్. మా అమ్మ ఏడుస్తున్నది, సూడుండ్రి."

"మూడు చోట్ల పోయింది" అని ఆమె కొత్తిమీర కట్ట నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యోగం. గడ్డం బాగానే వచ్చింది, నిజాయితీకి బ్రేకులూ పడ్డాయి. ఆ ఇరవై ఏళ్లవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అయినా మా ఆఫీసు మీటింగులో అందరూ "బాగుంది సార్, బాగుంది" అంటున్నప్పుడు, వాడే వెనక నుంచి లేచి, మైకు ఫుల్లుగా పెట్టుకుంటే బాగుండుననిపిస్తుంది. తీరా చూస్తే, అందరితోపాటు నేనూ "బాగుంది సార్" అంటుంటాను.