పెద్దసారు నొక్కిన మూడో బటన్

ఆ రోజుల్లో కంప్యూటర్ తెలిసినవాళ్లకు అన్నీ తెలుసని లోకం నమ్మేది. నేనైతే లోకం కంటే ఎక్కువ నమ్మేదాన్ని. తెలంగాణ ఉద్యమం ఊపు మీదుంది. ఎప్పుడు బంద్ పడుతుందో తెలియక దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కోచింగ్ సెంటర్ పనులన్నీ చిందరవందరయ్యేవి. ఏ పని ఎవరి దగ్గర ఆగిందో చూపించే సాఫ్ట్‌వేర్ కొందామని మా పెద్దసారు (సెంటర్ యజమాని, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డాయన) రెండింటిని కొన్నాళ్లు వాడి చూడ్డానికి తెప్పించి, ఏది మంచిదో తేల్చమని నాకప్పగించారు. ఎల్బీనగర్ నుంచి బస్సులో వేలాడుతూ వచ్చే టెంపరరీ ఉద్యోగిని నేను. "ఇది గట్టెక్కిస్తే పర్మనెంట్ చేస్తారా సార్?" అని ధైర్యం చేసి అడిగాను. "చూద్దాంలేమ్మా" అన్నారు.

ఆయన దేనికైనా అదే మాట. ఫ్యాను తిరగడం లేదన్నా చూద్దాం, సెలవు కావాలన్నా చూద్దాం. (ఔనంటే ఖర్చు, కాదంటే మొహమాటం.)

నేను అంచు చూసి చీర కొనే రకం కాబట్టి, రంగురంగుల మొదటి సాఫ్ట్‌వేర్‌కే పడిపోయాను. అందులో ఏ పనికైనా పెద్దసారు 'సరే' అనో 'వద్దు' అనో నొక్కాలి. ఆయన వేలు ఆ రెంటి మధ్యా గాలిలో ఊగి ఊగి, చివరికి టీ కప్పు మీద వాలేది. వారం తిరిగేసరికి పనులన్నీ ఆయన దగ్గరే గుట్టపడ్డాయి. నా ఉద్యోగం గోవిందా అనుకున్నాను.

పక్కన కూర్చున్న లెక్కల సార్ పకపకా నవ్వారు. "గా రెండు బటన్లల్ల మన సారు మాట ఏదమ్మా? ఆయన మాత్రం ఏం నొక్కుతడు?"

రెండో సాఫ్ట్‌వేర్ చూడ్డానికి సున్నం వేసిన గోడలా ఉండేది గానీ, అందులో మనకు కావలసిన బటన్ మనమే పెట్టుకోవచ్చు. 'చూద్దాం' అని మూడోది పెట్టాను. పెద్దసారు మొహం వెలిగిపోయింది. "ఇదమ్మా సాఫ్ట్‌వేరంటే!" అంటూ గుట్టంతా ఒక్క పూటలో ఖాళీ చేసేశారు. అన్నిటికీ మూడో బటనే. ఆ సంతోషంలో ఉండగానే నా పర్మనెంట్ సంగతి కూడా అందులోనే పంపాను. దానికీ అదే నొక్కారు!

ఏడుపొక్కటే తక్కువ నాకు. లెక్కల సార్ మాత్రం, "పరేషాన్ గాకమ్మా. చూద్దామన్నడంటే వద్దనలే. మేం ఢిల్లీ దిక్కు చూస్తలేమా? అన్నీ వస్తయి" అన్నారు.

వచ్చాయి. ముందు లెక్కల సార్ ఎదురుచూసిన రాష్ట్రం, ఆ వెనకే నా పర్మనెంట్ ఆర్డరు. రెంటికీ కలిపి ఆయనే స్వీట్లు పంచారు.

మొన్న మా అమ్మాయి సైకిల్ కొనిపెట్టమంది. "చూద్దాంలేమ్మా" అని నా నోట అలవోకగా వచ్చేసింది. దాని మొహం ముడుచుకుపోవడం చూసి నవ్వొచ్చి, "వద్దనలేదుగా!" అన్నాను.