స్తంభం ఎక్కేముందు గొలుసు

మా ఆయన కరెంటు స్తంభం మీదే పోయాడు. మా ఊరు పాల్మాకులలో పేరుకు లైన్‌మన్ ఉండేవాడు గానీ ఎక్కేది మాత్రం మా ఆయనే. లైన్‌మన్ కింద నిలబడి ఫోన్ మాట్లాడేవాడు. సబ్‌స్టేషన్ వాళ్లతో చెప్పి కరెంటు ఆపించడాన్ని ఎల్‌సీ తీసుకోవడం అంటారు. ఎల్‌సీ వచ్చిందన్నా మా ఆయన నమ్మేవాడు కాదు. నేలలో ఇనుప కడ్డీ దిగ్గొట్టి, గొలుసు ఒక కొస దానికి కట్టి, రెండో కొసకు రాయి కట్టి తీగల మీదికి విసిరేవాడు. కరెంటుంటే నిప్పులు రాలతాయి. లేకుంటే గొలుసు ఊరికే వేలాడుతుంది. పని అయ్యేదాకా దాన్ని తీసేవాడు కాదు.

ఆ ఒక్కరోజు వెయ్యలేదు. మబ్బు పట్టిందని లైన్‌మన్ తొందరపెట్టాడు. ఎల్‌సీ నిజంగానే ఉంది. కానీ ఊరి చివర కొత్తింట్లో ఎవడో చేతగానివాడు బిగించిపోయిన బ్యాటరీ ఇన్వర్టర్ ఉంది. లైన్లో కరెంటు పోగానే అది తన కరెంటును ఎదురు లైన్లోకి తోసింది. ఆ ఇంటివాళ్లు శవాన్ని చూడటానికి కూడా రాలేదు. లైన్‌మన్ మాత్రం దినాలకు వచ్చాడు. కడుపునిండా తిని పోయాడు.

ఇప్పుడు ఆ పని మా మరిది చేస్తున్నాడు. నేను ఎయిర్‌పోర్టు పక్కన కొత్త కాలనీలో రోడ్లు ఊడుస్తాను. పోయిన ఎండాకాలం ఆ కాలనీలో ఇంటింటి మీదా సోలార్ పలకలు పెట్టారు. పాత లైను వాటికి ఆగదంట. కొత్త తీగలు, కొత్త ట్రాన్స్‌ఫార్మర్, కొత్త మీటర్లు పెట్టించడానికి ఒక కంపెనీ ఇంజనీరు దిగాడు. మా మరిదిని కూలికి పిలిచాడు.

కాలనీవాళ్లు చుట్టూ చేరితే ఇంజనీరు పాఠం చెప్పాడు. "ఇంతకుముందు కరెంటు ఒక్క దిక్కు నుంచే వచ్చేది. ఇకనుంచి మీ ఇళ్ల నుంచి కూడా లైన్లోకి వస్తుంది. మీరే కరెంటు తయారుచేసేవాళ్లు." అందరూ నవ్వుమొహాలు పెట్టారు. నా చేతిలో చీపురు ఆగిపోయింది. ఒక్క ఇంటి నుంచి వచ్చినందుకే నా బొట్టు పోయింది.

"ఎల్‌సీ వచ్చింది, ఎక్కు" అన్నాడు ఇంజనీరు. మా మరిది స్తంభం మీద కాలు పెట్టాడు. నేను పోయి అడ్డం నిలబడ్డాను.

"గొలుసేది?"

"వదినే, జర ఊకో. అందరు జూస్తున్నరు."

"జూడనీ. గొలుసెయ్యకుంట ఎక్కినవంటే ఈ స్తంభం కిందనే పండుకుంట."

ఇంజనీరుకు ఒళ్లు మండింది. "అమ్మా, కరెంటు పోగానే ఈ మిషన్లు వాటంతటవే ఆగిపోతాయి. వాటికి తెలుసు."

"నీ మిషన్లకు తెలుసు సారూ. మా ఆయనకే తెల్వకపాయె. ఇన్ని ఇండ్లల్ల ఎవడెవడు ఏం బిగించిండో ప్రతి ఇంట్లకు పోయి జూసినవా?"

చూడలేదు. ఫోన్ తీసి అందులో తల పెట్టాడు. గేటు దగ్గర నుంచి ఒకాయన అరిచాడు, "ఏంటండీ ఈ ఆలస్యం? ఏసీ లేక చచ్చిపోతున్నాం."

"సచ్చుడంటే గిట్లుండదు సారూ. నేను జూసిన" అన్నాను. ఆయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

మా మరిది పళ్లు కొరుకుతూ బండి డిక్కీలోంచి కడ్డీ, గొలుసు తీసి, కడ్డీ నేలలో దిగ్గొట్టి గొలుసు విసిరాడు. నిప్పు రాలలేదు. ఏమీ కాలేదు. గొలుసు తీగల మీద చచ్చిన పాములాగా వేలాడింది. ఇంజనీరు చప్పట్లు కొట్టాడు. కాలనీవాళ్లు పకపకా నవ్వారు. నవ్వితే నవ్వారు. మా మరిది ఎక్కాడు, పని చేశాడు, రెండు కాళ్ల మీద దిగాడు. దిగి నా మొహం మీదే అన్నాడు: "నా ఇజ్జత్ దీసినవ్ వదినే. నువ్వు సచ్చినా నీ గడప తొక్క."

తొక్కనేలేదు. తెల్లారి అతణ్ణి పనికి రావద్దన్నారు. మిగతా స్తంభాలకు ఇంజనీరు బడంగ్‌పేట్ నుంచి వేరే మనిషిని తెచ్చాడు. గొలుసూ గిలుసూ అననివాణ్ణి వెతికి మరీ తెచ్చాడు. నడుముకు తాడు, కాళ్లకు రబ్బరు చెప్పులు, అంతే. కాలనీ రెండో వీధిలో ఎక్కబోతుంటే చూశాను.

"తమ్మీ, గొలుసెయ్యి" అన్నాను.

"నువ్వెవరు?" అన్నాడు.

చెప్పాను. మా ఆయన ఎట్లా పోయాడో, కిందికి దించినప్పుడు చేతులు ఎట్లా ఉన్నాయో అంతా చెప్పాను. అతను ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు గడియారం చూపించి, "దానికి పిచ్చి. నువ్వెక్కు" అన్నాడు. అతను కాలు ఎత్తాడు. నేను చీపురు పారేసి, అతని నడుము తాడు రెండు చేతులతో పట్టుకుని నేల మీద కూర్చున్నాను.