గంగ్జీ అడిగిన తలుపు

గంగ్జీ ఆ తలుపును వెక్కిరింతకి అడిగాడా, నిజంగా కావాలనే అడిగాడా? నలభై ఏళ్ళుగా ఈ ప్రశ్న నా దగ్గరే ఉండిపోయింది. చెప్పవలసినవాడు అందుబాటులో లేడు. ఉన్నా చెప్పేవాడు కాదు. "నీకెందుకురా లధా, నీ చుక్కాని నువ్వు చూసుకో" అనేవాడు.

ఈ వయసులో చుక్కానీ లేదు, ఓడా లేదు. సముద్ర ప్రయాణాల పుస్తకాలు తెప్పించుకుని చదువుకుంటాను. వాటిలో ప్రతివాడూ మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఆశ్చర్యపోతూనే ఉంటాడు. చేప ఎగిరితే ఆశ్చర్యం. పొద్దు పొడిస్తే ఆశ్చర్యం. పరాయి రేవులో ఎవరో గుప్పెడు ఖర్జూరాలు చేతిలో పెడితే కళ్ళనీళ్ళు. ఓడ అడుగున చేరిన కుళ్ళునీళ్ళు ఒక్క పూట తోడినవాడెవడూ అలా రాయడు. అలాంటి పుస్తకం మూసినప్పుడల్లా గంగ్జీ గుర్తొస్తాడు. జన్మలో దేనికీ ఆశ్చర్యపోనని ఒట్టు పెట్టుకున్న మనిషి.

మా ఓడ మీద అతను వడ్రంగి. కచ్ఛ్ తీరాన మా ఊరు మాండ్విలో, ఏటిగట్టున ఓడలు కట్టే వంశం వాళ్ళది. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. విధవ అక్క జేఠీ వండి పెట్టేది. పలక పగిలితే అతికేవాడు, సందుల్లో నూనె పత్తి కూరేవాడు, తెరచాప కట్టే పరమాను విరిగితే పూటలో నిలబెట్టేవాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. అందుకే కాబోలు, లోకంలో మిగతా పనులన్నిటికీ వంకలు పెట్టే హక్కు తనకి దఖలు పడిందనుకున్నాడు. దేవుడి పనికి కూడా.

మస్కట్ దారిలో ఒక ఉదయం ఓడ పక్కనే తిమింగలం లేచింది. మా ఓడంత ఉంది. అది వదిలిన నీటి తుంపర మా మీద పడి, ఎండకి ఇంద్రధనుస్సయి నిలబడింది. మా నాఖుదా జుసబ్, అంటే ఓడకి పెద్ద, రెండు చేతులూ ఎత్తి దేవుణ్ణి తలచుకున్నాడు. గంగ్జీ బాడిశ మీంచి తల ఎత్తలేదు.

"మా అక్క తుమ్మితే ఇంతకన్నా ఎత్తు లేస్తుంది" అన్నాడు.

మరో రోజు మబ్బులోంచి సముద్రం దాకా నల్లటి నీటిస్తంభం దిగింది. గిర్రున తిరుగుతూ మా వైపే వస్తోంది. ఎవరి దేవుణ్ణి వాళ్ళం పిలుస్తున్నాం. కొందరం జాగ్రత్త కోసం పక్కవాడి దేవుణ్ణి కూడా పిలిచాం. "మబ్బుకి జలుబు చేసింది. ఒకసారి చీదితే పోతుంది" అన్నాడు గంగ్జీ. అది రెండు బాణాల దూరంలో పక్కకి తిరిగి చెదిరిపోయింది. ఆ వారమంతా, దాన్ని తనే పంపించినట్టు తిరిగాడు.

అరబ్బు తీరాన సూర్ రేవు దగ్గర పడ్డాక, మధ్యాహ్నపు ఎండలో ఆకాశాన ఒక ఓడ తలకిందులుగా కనిపించింది. దూరాన ఎక్కడో నడుస్తున్న ఓడ నీడ అది, వేడిగాలి చేసే మాయ. మేం నోళ్ళు తెరుచుకు చూస్తున్నాం. గంగ్జీ కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఆ తెరచాప కుట్టినవాడెవడో కానీ, తలకిందులుగా చూసినా తప్పు కనిపిస్తోంది."

నవ్వేవాళ్ళం. నెలల తరబడి నీళ్ళ మీద ఉన్నవాడు దేనికైనా నవ్వుతాడు. అది గొప్ప హాస్యమని ఇప్పుడు నేను అనను.

సూర్‌లో మాకు ఖల్ఫాన్ ఇల్లు ఉండేది. నిజానికి ఇల్లు ఖల్ఫాన్‌దే, కానీ ఏడాదికి పది పన్నెండు రోజులు మాదన్నట్టే ఉండేవాళ్ళం. మా తెరచాప కనబడగానే పడవలో తోలు తిత్తుల నిండా మంచినీళ్ళు పంపేవాడు. మాలో హిందువులం వాళ్ళ వంట తినమని, మా కోసం ఇత్తడి గిన్నెలు విడిగా కొని, తన ఇంట్లోవాళ్ళెవరూ ముట్టకుండా గూట్లో పెట్టించాడు. బియ్యం, పప్పు, నెయ్యి, కట్టెలు పెరట్లో పెట్టించి పక్కకి తప్పుకునేవాడు. కాఫీకీ ఖర్జూరానికీ మాత్రం అంటు లేదని మా పెద్దలు ఏనాడో తీర్పు చెప్పుకున్నారు, తమ నోటి సౌకర్యం చూసుకుని.

ఆ పెరట్లో కూర్చుని కిచిడీ వండుకుంటూ గంగ్జీ ఏమనేవాడు? "బియ్యంలో రాళ్ళున్నాయి. అరబ్బువాడి దయలో ఎప్పుడూ రాళ్ళుంటాయి." ఆ రాళ్ళు మా ఓడలో మేం తెచ్చిన బియ్యానివే. ఆ సంగతి జుసబ్ చెబితే, "మంచి బియ్యమే తెచ్చాం, ఇక్కడి గాలికి రాళ్ళయ్యాయి" అన్నాడు.

ఆ ఇంటికి ఒక తలుపు ఉండేది. రెండు రెక్కల నల్లటి తలుపు. గుమ్మం చుట్టూ తీగ, తీగ నిండా ఎనిమిది రేకుల పూలు, ఏ పువ్వూ ఇంకో పువ్వులా ఉండదు. మట్టిగోడల మధ్య అదొక్కటే ఆ ఇంటికి సొగసు. గంగ్జీ మొదటి ఏడాది నుంచీ దాన్ని తిట్టేవాడు. "ఉలితో చెక్కలేదు, గరిటతో గీకారు." వచ్చిన ప్రతిసారీ లోపలికి వెళ్ళేముందు దాని మీద చెయ్యి రాసి మరీ తిట్టేవాడు.

సూర్‌లో కాఫీకి ఒక పద్ధతి ఉంది. చిన్న గిన్నెలో గుక్కెడే పోస్తారు. చాలనుకుంటే ఖాళీ గిన్నెను వేళ్ళ మధ్య ఊపి ఇవ్వాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. తాగకుండా ముందు పెట్టుకుంటే మాత్రం దాని అర్థం వేరు. ఈ ఇంటి నుంచి నాకొకటి కావాలి, ఇస్తానంటేనే తాగుతానని. ఆ గిన్నె అలాగే చల్లారిపోతే ఆ ఇంటి పరువు పోయినట్టే.

పన్నెండో ఏడు మేం కూర్చున్నాం. ఖల్ఫాన్ తన చేత్తోనే పోస్తున్నాడు. గంగ్జీ గిన్నె అందుకుని, వాసన చూసి, చాప మీద పెట్టాడు.

"ఏం, తాగవే?" అన్నాడు జుసబ్.

"జ్వరమొచ్చిన మేకకి పట్టే కషాయం ఇది. పన్నెండేళ్ళు మింగాను. ఇక నా వల్ల కాదు" అన్నాడు గంగ్జీ మా కచ్ఛీ మాటలో.

ఖల్ఫాన్‌కి కచ్ఛీ రాదు. గిన్నె కనిపించింది, అంతే. కాఫీ కూజా కింద పెట్టేశాడు. అతని ఇద్దరు కొడుకులూ ఆ గిన్నె వైపు తిరిగారు.

"అడుగు తమ్ముడూ. నువ్వడిగింది నీదే. ముందు తాగు" అన్నాడు ఖల్ఫాన్.

జుసబ్ గంగ్జీని మోచేత్తో పొడిచాడు. "ఒరే దరిద్రుడా, ఎత్తి తాగరా! నువ్వేదో అడుగుతున్నావనుకుంటున్నాడు పెద్దాయన!"

"అడగమంటున్నాడుగా, అడుగుతా" అని గంగ్జీ నాలుగు గోడలూ కలయజూశాడు. "అడగడానికి ఈ ఇంట్లో ఏముంది గనక? ఆ తలుపిమ్మను. ఎలా చెక్కకూడదో మాండ్విలో పని నేర్చుకునేవాళ్ళకి చూపిస్తా."

అదంతా కచ్ఛీలోనే అన్నాడు. ఒక్క 'తలుపు' అన్న మాటే అరబ్బీలో అని, వేలు పెట్టి చూపించాడు.

"అయ్యా, వీడు వేళాకోళమాడుతున్నాడు" అన్నాడు జుసబ్.

"నా ఇంట్లో కాఫీ ముందు కూర్చుని ఎవరూ వేళాకోళమాడరు" అన్నాడు ఖల్ఫాన్. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. గంగ్జీ గిన్నె ఎత్తి తాగాడు. మేం తలలు దించుకున్నాం. దించుకోవడం తప్ప ఎవరం ఏమీ చెయ్యలేదు. ఆ సభలో నేనూ ఒకణ్ణి.

పొద్దు వాలేలోపు కొడుకులిద్దరూ తలుపు ఊడదీశారు. రెండు రెక్కలూ, చెక్కిన గుమ్మమూ, నలుగురు కూలీల భుజాల మీద రేవుకి వచ్చాయి. వద్దని తిప్పి పంపితే అది ఇంకా పెద్ద అవమానం. గాలి దొరికింది, బస్రాకి తెరచాప ఎత్తాం. మా వెనక ఒక ఇంటికి ముందు వైపు పెద్ద కన్నం మిగిలింది.

బస్రాలో ఖర్జూరం ఎక్కించి తిరుగుదారి పట్టేదాకా గంగ్జీ ఆ తలుపులో తప్పులు వెతికాడు. ఒకరోజు కేక వేశాడు. "లధా, రా రా! ఉలి జారింది చూడు ఇక్కడ!" నిజమే, ఒక తీగ పక్కన గీత తప్పింది. ఆ తప్పిన గీతని చెక్కినవాడు చిన్న మొగ్గగా మలిచి వదిలేశాడు. గంగ్జీ అందరికీ చూపించి నవ్వాడు. మర్నాడు కూడా ఆ మొగ్గ దగ్గరే కూర్చున్నాడు. నవ్వలేదు. ఆ తర్వాత తలుపు గురించి మాట్లాడ్డం మానేశాడు.

మాండ్విలో అతని సందు మనిషి పక్కకి తిరిగి నడిచేంత ఇరుకు. తలుపు ఇంటికంటే వెడల్పు. గోడకి చేర్చి నిలబెట్టాడు. జేఠీ దాని మీద బట్టలారేసింది. వానలు మొదలవగానే గంగ్జీ తను కప్పుకునే గొంగడి తీసి తలుపుకి కప్పాడు. "పెళ్ళాం బతికున్నన్నాళ్ళూ దుప్పటి కప్పిన పాపాన పోలేదు" అంది జేఠీ, సందంతా వినేలా.

ఓడలన్నీ గట్టెక్కి ఉన్న ఆ నాలుగు నెలలూ అతను ఒక్క పువ్వు చెక్కడానికి కూర్చున్నాడు. ఒకే ఒక్క ఎనిమిది రేకుల పువ్వు. ఓడ వెన్నుదూలాన్ని కంటికొలతతో తీర్చిన చెయ్యి అది. పువ్వు దగ్గర మొద్దుబారిపోయింది. రేకు విరిగేది, లేదా రొట్టెలా లావుగా వచ్చేది. చెడిన ముక్కల్ని జేఠీ పొద్దున్నే పొయ్యిలో పెట్టేది. నేను వెళ్ళినప్పుడు, "కూర్చో లధా, రొట్టె కాలుతోంది. మా తమ్ముడి పువ్వులు మహా బాగా మండుతున్నాయి" అంది. లోపల గంగ్జీ ఉలి ఆగింది. మాట మాత్రం రాలేదు. అంతకుముందైతే ఆ మాటకి మూడు మాటలు తిరిగి వచ్చేవి. నాకు జాలి కలగలేదు. పన్నెండేళ్ళు అందరికీ పెట్టిన వంకలు ఇప్పుడు ఇంటికొచ్చాయి, తిననీ అనుకున్నాను.

మళ్ళీ ఏడు బయలుదేరాం. టేకు పలకలు పది తన డబ్బుతో కొని ఎక్కించాడు. దారిలో ఎగిరే చేపలు గుంపుగా వచ్చి ఓడ మీద పడ్డాయి, వెండి చిల్లర విసిరినట్టు. అందరం గంగ్జీ వైపు చూశాం. అతను ఒక చేపని ఎత్తి, రెక్క విప్పి, ఎండకి పట్టి చూసి, మెల్లిగా నీళ్ళలో వదిలాడు. ఏమీ అనలేదు. మాకు భయమేసింది. "వీడికి ఒంట్లో బాగాలేదు" అన్నాడు జుసబ్.

సూర్‌లో ఖల్ఫాన్ గుమ్మానికి ఈతాకు చాప వేలాడుతోంది. పక్కింటి మేకలు దాన్ని తోసుకుని వస్తూ పోతూ ఉన్నాయి. ఖల్ఫాన్ ఎప్పటిలాగే ఎదురొచ్చాడు, నీళ్ళ తిత్తులూ వచ్చాయి, ఇత్తడి గిన్నెలూ దిగాయి. పిల్లనిచ్చిన ఇంటివాళ్ళని అడిగినట్టు, "తలుపు కులాసాగా ఉందా?" అని అడిగాడు.

"తెచ్చి తిరిగి పెట్టేస్తాను, పుచ్చుకో" అన్నాడు గంగ్జీ, ఈసారి తనకొచ్చిన అరబ్బీలోనే.

"ఇచ్చింది మళ్ళీ పుచ్చుకుంటే నా గడప ఇంకెవరు తొక్కుతారు తమ్ముడూ?"

"అయితే కొత్తది చేస్తా. అది కూడా వద్దంటే ఈ మేకల్ని నేను కాయాలి."

ఖల్ఫాన్ పెద్దగా నవ్వాడు. తొమ్మిది రోజులు గంగ్జీ ఆ గుమ్మం ముందే కూర్చుని పని చేశాడు. పోసిన కాఫీ పోసినట్టు తాగాడు. తయారైన తలుపులో ఒక్క పువ్వూ లేదు, ఒక్క తీగా లేదు. ఓడ పక్కలాగా నున్నగా, బిర్రుగా ఉంది. వీధంతా వచ్చి చూసి మెచ్చుకుంది.

"మా తాత తెచ్చినదానికంటే గట్టిది" అన్నాడు ఖల్ఫాన్.

గంగ్జీ మొహం ఎర్రబడింది. "గట్టిదనం ఎవడికి కావాలి?" అన్నాడు. ఉలి పెట్టెలో సర్దుతూ, "ఆ తలుపు మీ తాత ఎక్కణ్ణుంచి తెచ్చాడు?"

"ఆఫ్రికా ఒడ్డున లాము నుంచి. అక్కడ ఒక వీధి నిండా తలుపులు చెక్కేవాళ్ళే."

"ఇంకా చెక్కుతున్నారా?"

"చెక్కకేం? మా ఊరి పడవలు ఏటా కొయ్య కోసం వెళతాయిగా. ఎల్లుండి మా అల్లుడే వెళుతున్నాడు."

గంగ్జీ ఊ కొట్టాడు. నేను పక్కనే ఉన్నాను. నాకేమీ తట్టలేదు. నాలుగు నెలలు పువ్వు రాని వాడి అవస్థ చూసి లోపల్లోపల సంబరపడ్డవాడికి ఏం తడుతుంది?

మేం బయలుదేరే రోజు ఖల్ఫాన్ ఇంట్లో అందరం ఆఖరి పూట కూర్చున్నాం. గంగ్జీ రాలేదు. ఓడలో పనేదో చూసుకుంటున్నాడనుకున్నాం. "మర్యాద తెలియని వెధవ, వాడిప్పుడేం మారతాడు" అన్నాడు జుసబ్, ఖల్ఫాన్‌కి క్షమాపణలు చెబుతూ. ఓడకి వచ్చేసరికి గంగ్జీ పనిముట్ల పెట్టె లేదు, చాప లేదు.

తెరచాప ఎత్తి రేవు నోటికి వచ్చాం. చుక్కాని నా చేతిలో ఉంది. మా ముందు ఖల్ఫాన్ అల్లుడి పడవ దక్షిణానికి తిరుగుతోంది. దాని వెనక భాగంలో పెట్టె మీద గంగ్జీ కూర్చుని ఉన్నాడు, వీపు మా వైపు పెట్టి.

"ఒరే గంగ్జీ! ఎక్కడికిరా? మీ అక్కకి ఏం చెప్పమంటావురా?" అని జుసబ్ అరిచాడు.

గాలి మా నుంచి అతని వైపే ఉంది. వినబడకపోవడమనేది లేదు. అతను తల తిప్పలేదు. పడవ తెరచాప నిండింది, వెళ్ళిపోయాడు.