కోట వెనుక మేకల తొవ్వ

రామన్నపేటల మాది మగ్గాల ఇల్లు. ఆరు దినాలు మగ్గం గుంటల కాళ్ళు పెట్టుకొని నేస్తుంటి. ఐతారం పగటాల్ల మాత్రం బడి వరండల నలుగురం కూసోని యుద్ధం ఆడేటోళ్ళం.

ఆట తయారు చేసింది హైస్కూల్ల చరిత్ర చెప్పే సారు. ఆమడ దూరంల ఒక గుట్ట, దాని మీద పాత కోట ఉన్నది. ఆ గుట్టను, కోటను ముతక బట్ట మీద గీసి గళ్ళు కొట్టిండు. చింతగింజలు సిపాయిలు, గచ్చకాయలు గుర్రాలు. గవ్వలేస్తే పడ్డన్ని గళ్ళు నడవాలె. ఇరవై ఎత్తులల్ల కోట చిక్కకుంటే ముట్టడేసినోళ్ళు ఓడినట్టే.

కోట కాసేది నైజాం ఫౌజుల చేసొచ్చిన ముసలాయన. ఆయన పక్కన సారు. ముట్టడి నాది, మా వాడకట్టు దర్జీది. ఆ ఎండకాలమంత వరసగ ఓడినం. దర్జీకి అది నవ్వులాటే. నాకు మాత్రం నేస్తున్నప్పుడు గూడ కోట దర్వాజే కండ్లల్ల మెదిలేది.

ఒక ఐతారం ముసలాయన మీసం దువ్వుకుంట, "కోటకు తొవ్వ ఒక్కటే. ఆడ నేనున్న. నువ్వు పోయి చీర నేసుకో బిడ్డా," అన్నడు.

నాకు మస్తు కోపమొచ్చింది. తెల్లారి మగ్గం ఆపి, సైకిల్ కిరాయికి తీస్కొని గుట్ట కాడికి పోయిన. ఒక అవ్వ మేకలు కాస్తున్నది.

"అవ్వా, పైకి ఇంకో తొవ్వ ఉన్నదా?"

"మనుషులకు లేదు కొడుకా. నా మేకలకున్నది."

ఆమె ముందు నడిచింది. నేను బండలు పట్టుకొని పాకిన. మోకాళ్ళు దోక్కపోయినయి గని, కూలిన గోడ మీదికెల్లి కోటలకు దిగిన.

ఐతారం నాడు ఈ సంగతి చెప్తే ముసలాయన ఒప్పుకోలే. "ఒట్టి చేతులతోని ఎవడైన ఎక్కుతడు. సిపాయి తుపాకి మోసుకొని ఎక్కాలె."

"వాదులాట ఎందుకు? పోయి చూద్దాం," అన్నడు సారు.

మరుసటి ఐతారం నలుగురం పోయినం. గుట్ట కింద ముసలాయన రెండు బండరాళ్ళు తువ్వాలల మూటగట్టి నా వీపుకు కట్టిండు. "ఇగ ఎక్కు," అన్నడు. ఆయనకు మోకాలు నొప్పి, కిందనే ఉండుమంటే వినలే. సగం దూరంల కూలబడి, "చెయ్యియ్యి," అన్నడు. మూట వీపు మీదనే ఉన్నది. ఒక చేత్తోని బండ పట్టుకొని, ఇంకో చేత్తోని ఆయనను గుంజిన. పైకొచ్చినంక గోడకు ఒరిగి, చానాసేపు కిందికి చూసిండు.

"ఎక్కొచ్చు," అన్నడు. గంతే.

ఊరికొచ్చినంక సారు బట్ట మీద కొత్త తొవ్వ గీసిండు. నేను ఉషారుగ అయిదు గింజలను ఆ తొవ్వకు పంపిన. గోడ కాడ ముసలాయన గింజలు ఏడు కాపు కాస్తున్నయి! మల్ల ఓడినం.

"గింత ఎక్కి దిగింది దీనికేనా?" అన్నడు దర్జీ.

నేను పటం కాడికెల్లి లేవలే. తొవ్వ నాకు దొరికింది గని, దాని మీద భయం ఆయనకు పట్టుకున్నది. అట్లయితే ఆ భయంతోనే ఆడాలె అనుకున్న. ఇంకో మూడు ఐతారాలు ఓడుకుంట దాన్నే పట్టుకొని సాధన చేసిన. నాలుగో ఐతారం మేకల తొవ్వ మొదట్ల కొన్ని గింజలు నిలబెట్టి ఊకున్న. ఆయన దర్వాజ కాడి బలం తీసి గోడకు పెట్టిండు. నా గుర్రాలు దర్వాజ మీద పడ్డయి. పదహారో ఎత్తుకు కోట చిక్కింది. దర్జీ ఎగిరి గంతేసిండు.

 ముసలాయన గింజలన్నీ నా ముందరికి నూకిండు.

"మల్ల పేర్చు. ఈపాలి కోట నువ్వు కాయి."